ఉద్యోగంలో వ్యక్తిగత ప్రశ్నలు ఎదురైనప్పుడు మర్యాద చెడకుండా ఎలా తప్పుకోవాలి?

మౌనరేఖ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను కొత్త ఉద్యోగంలో చేరి ఆరు వారాలైంది. పని నచ్చింది, జట్టులోని వారందరూ ఆదరంగానే ఉంటున్నారు. అయినా గత సోమవారం జరిగిన ఒక చిన్న విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ప్రతి వారం జరిగే సమీక్ష సమావేశం ఇంకా మొదలవలేదు, వీడియోలో ఒకరిద్దరి కోసం ఎదురు చూస్తున్నాం. ఆ రెండు మూడు నిమిషాల్లో మా జట్టులో అందరికన్నా అనుభవం ఉన్న సహోద్యోగి నవ్వుతూ "మీకు పిల్లలెంతమందండీ?" అని అడిగారు. నేను "ఇంకా లేరండీ" అన్నాను. "అదేమిటి, పెళ్ళయి ఎన్నేళ్ళయింది?" అని వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. తెర మీద పదకొండు ముఖాలున్నాయి. నా మైకు గుర్తు పచ్చగా వెలుగుతూనే ఉంది, నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. చివరికి "ఏడేళ్ళండీ" అన్నాను.

ఆ ఏడేళ్ళలో మాకు రెండుసార్లు గర్భం నిలవలేదన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆయన చెడ్డవారు కారు. నేను చేరిన మొదటి వారంలో రెండు సాయంత్రాలు నా పక్కన కూర్చుని ఓపికగా పని నేర్పించారు. అందుకే ఆయన మనసు నొప్పించాలని లేదు, కానీ ఇంకొకసారి అడిగితే సమాధానం చెప్పాలనీ లేదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనా? ఏ మాట అనాలి, ఎలా అనాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని రాస్తున్నాను.

దారిదీపం

మౌనరేఖ గారూ, చదువుతుంటే బాధ కలిగింది. నేను మానవ వనరుల విభాగంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి, ముందుగా ఒక తేడా చెప్పవలసి ఉంది. అడిగినవారు మన ఉద్యోగం గురించి నిర్ణయం తీసుకునే స్థానంలో ఉన్నారా, లేక పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషా అన్నదాన్ని బట్టి ఒకే ప్రశ్న బరువు పూర్తిగా మారిపోతుంది. ఇంటర్వ్యూలో "పిల్లలను ఎప్పుడు కనాలనుకుంటున్నారు?" అని అడిగితే అది ఊసుపోక అడిగిన మాట కాదు, ఆ సమాధానం మీద జీతమో పదోన్నతో ఆధారపడుతుంది. అందుకే ఆ సందర్భంలోని ప్రశ్నల మీద చట్టాలు దృష్టి పెట్టాయి. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ఉద్యోగం ఇస్తామని చెప్పక ముందు అభ్యర్థి ఆరోగ్యం గురించి అడగకూడదు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కూడా ఉద్యోగం ఖాయం చేయక ముందు వైకల్యం గురించిన ప్రశ్నలను నిషేధించింది. భారత సుప్రీంకోర్టు ముందుకు 1991లో ఒక కేసు వచ్చింది. జీవిత బీమా సంస్థలో చేరిన ఒక మహిళ చేత నింపించిన పత్రంలో నెలసరి వివరాలు, గర్భధారణల వివరాలు అడిగారు. గర్భం సంగతి దాచారని ఆమెను పనిలోంచి తీసేశారు. అలాంటి ప్రశ్నలు స్త్రీని ఇబ్బంది పెట్టేవనీ, అవమానకరం కూడా కావచ్చనీ కోర్టు చెప్పి, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గడులను పత్రం నుంచి తొలగించమంది.

మీ సహోద్యోగి ప్రశ్న ఆ కోవలోకి రాదు. దానికి చట్టంతో జవాబు చెప్పడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అవుతుంది. అయితే ఇంటర్వ్యూలకు వచ్చేవారికి నేను నేర్పే పద్ధతి ఇక్కడా పనికి వస్తుంది. ప్రశ్న ఎంత వ్యక్తిగతంగా ఉన్నా, దాని వెనక పనికి సంబంధించిన సందేహం ఏదైనా ఉందేమో చూసి, ఉంటే దానికి మాత్రమే జవాబివ్వాలి. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగినప్పుడు, "ఈ ఉద్యోగంలో చెప్పిన పనివేళలకు, ప్రయాణాలకు నేను సిద్ధంగా ఉన్నాను" అంటే చాలు. వెనక పని సందేహమేదీ లేనప్పుడు మాత్రం ఆ ప్రశ్నకు మీరు బాకీ పడినట్టు కాదు.

నడకబడి

నాది ఫిజియోథెరపీ వృత్తి. నా ఇబ్బంది ఏమిటంటే నేను గది వదిలి వెళ్ళలేను. నలభై ఐదు నిమిషాల పాటు నా రెండు చేతులూ ఎదుటి మనిషి మోకాలి మీద ఉంటాయి. "మీ ఆయన ఏం చేస్తారమ్మా? సొంత ఇల్లేనా? మీకు వయసెంత?" అని వరసగా అడుగుతుంటారు. మొదటి రెండేళ్ళు అన్నిటికీ జవాబు చెప్పేదాన్ని, ఇంటికి వెళ్ళేసరికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. ఆ తరువాత ముభావంగా ఉండడం మొదలుపెట్టాను. అప్పుడు ఇంకో నష్టం తెలిసింది: నేను మాట తగ్గించిన కొద్దీ వాళ్ళు తమ నొప్పి గురించి చెప్పడమూ తగ్గించారు.

తరువాత నాకు అర్థమైనది ఇది. నేను వాళ్ళను ఎన్నో అడుగుతాను. ఇంట్లో మెట్లున్నాయా, స్నానానికి ఎవరైనా సాయం చేస్తారా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది, ఇవన్నీ వైద్యానికి అవసరం. కానీ ఎదుటి మనిషికి తాను మొత్తం బయటపెట్టుకున్నట్టు, ఇవతలి మనిషి మాత్రం ముసుగు వేసుకున్నట్టు అనిపిస్తుంది. వాళ్ళ ప్రశ్నల్లో చాలా భాగం ఆ ఎగుడుదిగుడును సరిచేసుకునే ప్రయత్నమే. అందుకని ఇప్పుడు రెండు పనులు చేస్తున్నాను. నేను అడిగే ముందు ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. నా గురించి పంచుకోవడానికి ఇష్టమైన రెండు మూడు నిజాలను ముందే ఎంచి పెట్టుకున్నాను: నాకు మొక్కలంటే ప్రాణం, పొద్దున్నే పరిగెత్తుతాను. "పిల్లలెంతమంది?" అని అడిగితే "ఇంటి సంగతులు ఇంట్లోనే వదిలి వస్తానండీ. అయితే మా గులాబీకి నిన్ననే మొగ్గ వచ్చింది" అని చెప్పి, "ఇప్పుడు మడమ పైకెత్తి పది లెక్కపెట్టండి" అంటాను. లెక్క ఏడు దాటేసరికి ప్రశ్న మరుగున పడిపోతుంది. గులాబీ మాత్రం గుర్తుంటుంది, తరువాతి వారం దాని గురించే అడుగుతారు.

మౌనరేఖ గారూ, మీ దగ్గరా అలాంటి నిజాలు రెండు ఉంచుకోండి. మనుషులకు దగ్గరితనం కావాలి, ఆ దగ్గరితనం ఏ విషయంతో ఇవ్వాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది.

పదచ్ఛేదం

నేను భాష బోధిస్తాను కాబట్టి మౌనరేఖ గారు అడిగిన "ఏ మాట అనాలి" అన్నదాని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా "ఇంకా లేరండీ" అన్న వాక్యాన్ని చూద్దాం. ఇందులోని "ఇంకా" అన్న పదం వాక్యాన్ని పూర్తి కానివ్వదు. జరగవలసినది ఒకటి ఉంది, అది ఆలస్యమైంది అన్న ఎదురుచూపును వెంట తీసుకువస్తుంది. అడిగిన మనిషికి అది తలుపు ఓరగా తెరిచి ఉన్నట్టు వినిపించి, "ఎన్నేళ్ళయింది?" అన్న రెండో ప్రశ్న సహజంగా పుట్టుకొచ్చింది. "లేరండీ" అని అక్కడితో ఆపి ఉంటే ఆ ప్రశ్న రావడం కొంత కష్టమయ్యేది. ఇది మీ తప్పు అనడం లేదు, మనందరి నోటికీ ఆ పదం అలవాటుగా వస్తుంది. "ఇంకా పెళ్ళి కాలేదు", "ఇంకా ఇల్లు కొనలేదు" అన్నప్పుడల్లా, అవి జరిగి తీరవలసినవని మనమే ఒప్పుకుంటున్నాం.

ఇక నిరాకరించే మాటలు. "చెప్పను" అంటే ముఖం మీద తలుపు వేసినట్టే. "చెప్పలేను" అంటే మన అశక్తతను చూపించినట్టు, దానికి "మన దగ్గర మొహమాటమేమిటి, చెప్పండి" అన్న బుజ్జగింపు వస్తుంది. "చెప్పదలచుకోలేదు" అన్నది సరైన మాటే, కాకపోతే నోటిమాటగా వాడితే బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన వాక్యం "ఆ సంగతి ఇక్కడ వద్దులెండి" అన్నది. "వద్దు" అన్నది నిర్ణయం, దానిలో సందేహం లేదు. చివర చేరిన "లెండి" ఎదుటివారిని తప్పుపట్టకుండా, ఇద్దరమూ కలిసే ఆ మాటను పక్కన పెట్టినట్టు చేస్తుంది. "ఇక్కడ" అన్నది మరీ ముఖ్యం. మనం కాదంటున్నది మనిషిని కాదు, చోటును.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1955లో రాసిన వ్యాసంలో, మాట్లాడుకునే ఇద్దరూ తమ ముఖాన్నే కాక ఎదుటివారి ముఖాన్ని కూడా కాపాడే పని చేస్తుంటారని వివరించారు. ముఖం అంటే ఇక్కడ పరువు, నిలబెట్టుకున్న మర్యాద. మనకు ఇది వింత కాదు, "మొహమాటం" అన్న మాటలోనే ముఖం ఉంది. ఎదుటివారి ముఖం చిన్నబోతుందన్న భయంతోనే మనం చెప్పకూడదనుకున్నది చెప్పేస్తాం. పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో ఈ ఆలోచనను మర్యాద గురించిన సిద్ధాంతంగా విస్తరించినప్పుడు, మనిషికి రెండు కోరికలుంటాయన్నారు: పదిమందీ మెచ్చాలన్నది ఒకటి, తన మానాన తనను వదిలేయాలన్నది రెండోది. మీ సహోద్యోగి మొదటి కోరికను తీరుస్తున్నాననుకుని రెండోదాన్ని తొక్కేశారు.

ఒక్క విషయం మాత్రం తప్పక చెప్పాలి. సంభాషణలను రికార్డు చేసి క్షణాల లెక్కన పరిశీలించిన పరిశోధకులు గమనించినదేమిటంటే, ఒప్పుకోలు వెంటనే వస్తుంది, నిరాకరణ మాత్రం కాసేపు ఆగి, "అంటే", "అదీ" అని తడబడి, ఒక కారణాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ కారణమే తరువాతి ప్రశ్నకు ముడిసరుకు. "డాక్టరుగారి సలహా మీద ఆగాం" అంటే "ఏ డాక్టరు?" అని అడుగుతారు. కాబట్టి కారణం చెప్పకండి, ఆలస్యం చేయకండి. వాక్యాన్ని ముందే రెండు మూడుసార్లు పైకి అని చూసుకోండి, అప్పుడు ఆ క్షణంలో వెతుక్కోనక్కరలేదు.

పాతకాపు

నేను మీ సహోద్యోగి స్థానంలో ఉండే మనిషిని. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. ఈ చర్చలో అడిగేవాళ్ళ తరఫున కూడా ఒకరు మాట్లాడాలనిపించి రాస్తున్నాను. నేను చేరిన రోజుల్లో ఇంటి సంగతులు అడగని పెద్దను పొగరుబోతు అనుకునేవాళ్ళం. అమ్మానాన్నల ఆరోగ్యం, చెల్లెలి చదువు, అన్నీ అడిగి తెలుసుకోవడమే ఆప్యాయత అని మాకు అలవాటైంది.

కొన్నేళ్ళ కిందట మా విభాగంలో ఒక కుర్రవాడు తరచుగా సెలవు పెట్టేవాడు. తిరిగి వచ్చినప్పుడల్లా నలుగురిలో "ఏమైందయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడిని. కొన్నాళ్ళకు అతడు భోజనాల వేళ మాతో కూర్చోవడం మానేశాడు. ఏడాది తరువాత వేరే చోటికి వెళ్ళిపోతూ, తాను మానసిక చికిత్స తీసుకుంటున్నాననీ, నా ప్రశ్న వినవలసి వస్తుందన్న భయంతో కొన్ని ఉదయాలు లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా వచ్చేవాడిననీ చెప్పాడు. నేను ఆప్యాయత అనుకున్నదాన్ని తప్పించుకోవడానికి ఒక మనిషి నాలుగు అంతస్తులు ఎక్కాడు. ఆ మాట ఇప్పటికీ నాలో గుచ్చుకుని ఉంది.

ఇప్పుడు నేను "ఏమైంది?" అని అడగను. "వచ్చారా, మంచిది. పనిలో ఏమైనా సర్దుబాటు కావాలంటే చెప్పండి" అంటాను. చెప్పాలనుకున్నవారు చెబుతారు. మౌనరేఖ గారూ, వీలైతే ఆయనతో విడిగా ఒక్కసారి మాట్లాడండి. ఆ కుర్రవాడు మొదటి నెలలోనే చెప్పి ఉంటే నేను ఒక గంట సిగ్గుపడేవాడిని, అంతే.

మూడోమనిషి

పాతకాపు గారు మనసు విప్పి రాసినందుకు కృతజ్ఞతలు. కానీ ఆ సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నొప్పి పడినవారే వెళ్ళి, విడిగా కూర్చోబెట్టి, మెత్తగా వివరించాలంటే భారమంతా మళ్ళీ వారి మీదే పడుతుంది. పైగా "ఎందుకు బాధ కలిగింది?" అన్న ప్రశ్న ఆ గదిలోనూ వస్తుంది.

ఆ తెర మీద పదకొండు ముఖాలున్నాయని మౌనరేఖ గారు రాశారు. ఆమెనూ అడిగినవారినీ తీసేస్తే మిగిలిన తొమ్మిది మంది ఏం చేశారు? నేను అలాంటి తొమ్మిది మందిలో ఒకడిగా చాలాసార్లు ఉన్నాను కాబట్టి ఆరోపణగా కాక, ఒప్పుకోలుగా అడుగుతున్నాను. ఎదుటి మనిషి జవాబు కోసం తడుముకుంటున్నప్పుడు పక్కనున్నవారు ఒక్క వాక్యంతో ఆ క్షణాన్ని దాటించగలరు. "మనం మొదలుపెడదామా, నాకు తరువాత ఇంకో సమావేశం ఉంది" అంటే చాలు, ఎవరి ముఖమూ చిన్నబోదు. ఈ పని మూడో మనిషి చేస్తే ప్రతిఘటనలా ఉండదు. నేను ఇప్పుడు నిర్వహించే సమావేశాల్లో అందరూ చేరేవరకు ఆగే ఆ నిమిషాలను ఖాళీగా వదలడం లేదు. గత వారంలో ఏ పని ఎక్కడ చిక్కుకుందో ఒకరిని చెప్పమంటాను. ఖాళీ నిమిషాల్లోనే ఇలాంటి ప్రశ్నలు మొలుస్తాయి.

మౌనరేఖ

అందరికీ ధన్యవాదాలు. "ఇంకా" అన్న పదం గురించి చదివాక చాలాసేపు ఆలోచించాను. నేను ఆ పదాన్ని నాకు నేనే ఆశ చెప్పుకోవడానికి వాడుతున్నానేమో. అది వేరే సంగతి. ఒక సందేహం: ఇలాంటి చోట చిన్న అబద్ధం చెప్పి తప్పించుకోవడం తప్పా? "మాకు పిల్లలు వద్దనుకున్నాం" అనేస్తే పోతుందని మా అక్క అంటోంది.

దారిదీపం

తప్పా కాదా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తాను. జర్మనీలో కార్మిక న్యాయస్థానాలు ఒక అడుగు ముందుకు వేసి, యజమాని అడగకూడని ప్రశ్న అడిగినప్పుడు, ఉదాహరణకు గర్భవతివా అని అడిగినప్పుడు, అభ్యర్థి అబద్ధం చెప్పినా దాన్ని మోసంగా పరిగణించలేమని తేల్చాయి. అక్కడ మౌనంగా ఉంటే అవుననే అర్థం చేసుకుంటారు కాబట్టి, మౌనం రక్షించదన్నది ఆ తర్కం. అధికారం ముందు నిలబడినప్పుడు ఇది నాకు న్యాయంగానే తోస్తుంది.

రోజూ కలిసి పనిచేసే మనిషితో మాత్రం అబద్ధం బరువవుతుంది. మీరు చెప్పిన మాటను మీరు గుర్తుపెట్టుకోవాలి, దానికి తగ్గట్టు నడుచుకోవాలి. పిల్లలు వద్దనుకున్నామంటే "అదేం ఆలోచన, పెద్దయ్యాక ఎవరు చూస్తారు?" అన్న కొత్త చర్చ మొదలవుతుంది, అదీ మీరు నమ్మని వాదన తరఫున. రేపు మీకు మంచి కబురు అందితే దాన్ని సంతోషంగా చెప్పుకోవడానికి కూడా ఆ అబద్ధం అడ్డుపడుతుంది.

లెక్కలపుస్తకం

జీతం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. దీన్ని నేను పిల్లల గురించిన ప్రశ్నతో ఒకే గాట కట్టను. కొత్త ఉద్యోగానికి వెళ్ళినప్పుడు "ఇప్పుడు మీ జీతమెంత?" అని అడిగితే, "ఈ బాధ్యతకు మీరు అనుకున్న పరిధి చెబితే నా అంచనా చెబుతాను" అనడం మంచిది, ఎందుకంటే పాత జీతం తక్కువైతే ఆ తక్కువ కొత్త చోటికీ వెంట వస్తుంది. ఈ కారణంతోనే అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం 2016లో చట్టం చేసి, 2018 నుంచి ఆ ప్రశ్నను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశంలోనూ అభ్యర్థుల పాత జీతం అడగరాదని ఉంది. అదే తోటి ఉద్యోగి అడిగితే, ముఖ్యంగా తనకు తక్కువ ఇస్తున్నారన్న అనుమానంతో అడిగితే, నేను చెబుతాను. జీతాల గోప్యత వల్ల ఉద్యోగికి ఎప్పుడూ మేలే జరుగుతుందని చెప్పలేం. ముందు "ఎందుకు అడుగుతున్నారు?" అని మామూలు గొంతుతో అడిగి, వచ్చిన జవాబును బట్టి నిర్ణయించుకుంటాను.

సరిహద్దు

పైన రాసినవన్నీ మంచి మనసుతో అడిగేవారికి వర్తిస్తాయి. ప్రతి ప్రశ్నా అలాంటిది కాదని కూడా ఈ చర్చలో నమోదు కావాలి. ఒకసారి వద్దన్నాక మళ్ళీ మళ్ళీ అడగడం, దాంపత్య జీవితం గురించి, శరీరం గురించి అడగడం ఆసక్తి కాదు, వేధింపు. అప్పుడు "లెండి" అవసరం లేదు. "ఇలాంటివి నన్ను అడగవద్దు" అన్న వాక్యం చాలు, అది మర్యాద తప్పడం కాదు. తేదీ, సమయం, అన్న మాటలు, పక్కన ఎవరున్నారు అన్నవి అదే రోజు రాసిపెట్టుకోవాలి. భారతదేశంలో 2013 నాటి చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు సాధారణంగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. గడువు తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు. అందుకే రాస్తున్నాను.

మౌనరేఖ

మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. గత బుధవారం నేను సగం రోజు సెలవు తీసుకుని వచ్చాను. ఆయన నా బల్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఏమైనా విశేషమా?" అని అడిగారు. అంతకు ముందే ఇంట్లో ఆ వాక్యాన్ని చాలాసార్లు పైకి అని చూసుకున్నాను. "ఆ సంగతి ఇక్కడ వద్దులెండి" అన్నాను. ఆపకుండా "మీరు పంపిన పట్టికలో మూడో వరుస నాకు అర్థం కాలేదు, ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను. నా గొంతు కొద్దిగా వణికింది. ఆయన ఒక క్షణం ఆగారు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు, మూడో వరుస చూపించారు. తప్పు లెక్క ఆయనదే అని తేలింది, ఇద్దరం కలిసి సరిచేశాం.

సోమవారం సమావేశానికి ముందు ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు. తెర మీద అందరమూ ఉన్నాం, ఆ నిశ్శబ్దం నాకు అనుకున్నదానికన్నా బరువుగా అనిపించింది. నడకబడి గారు చెప్పిన గులాబీ గుర్తొచ్చింది. నేనే మైకు తెరిచి, ఈ నెలలో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టానని, ఇప్పటికీ నీళ్ళలో కళ్ళు తెరవలేకపోతున్నానని చెప్పాను. ఆయన ముందుకు వంగి, "లోతు ఎంత ఉంటుందండీ అక్కడ? భయం వేయడం లేదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పాను.